66ఏ కేసు పెడతామని వాట్సాప్‌లో నోటీసు వస్తే

హనుమకొండలో మీ వీధి మురుగుకాల్వ ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టినందుకు, 66ఏ కింద కేసు పెడతామంటూ మీకు వాట్సాప్‌లో నోటీసు వచ్చిందన్నారు. అది చాలావరకు బెదిరింపే. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన పోస్టులు పెట్టడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. లేని సెక్షన్ కింద కేసు నిలవదు.

1. పోస్టు తీసేయకండి. ఉన్న మురుగును చూపించడం మీ హక్కు.

2. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే: భయపడి ఆ మెసేజ్‌ను చెరిపేస్తారు. దయచేసి చెరపకండి. నంబరు, తేదీ, సమయం మూడూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. పేరు మాత్రమే కనిపిస్తుంటే దాని మీద నొక్కండి, నంబరున్న పేజీ వస్తుంది. అదీ తీయండి.

3. స్టేషన్‌కు వెళ్లి ఎఫ్‌ఐఆర్ నంబరు అడగండి. విచారణకు రమ్మనే హాజరు నోటీసులను పోలీసులు వాట్సాప్‌లో పంపరాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలోనే చెప్పింది.

4. కాగితం మీద నోటీసు వస్తే మాత్రం పక్కన పెట్టకండి. పరువునష్టం వంటి సెక్షన్లు ఇంకా ఉన్నాయి. వెంటనే న్యాయవాదికి చూపించండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఈ సాయం ఉచితం.