బాయిలర్ కొనేముందు నీళ్ల లెక్క రాయి, తల్లీ

పర్లాకిమిడి

చిరంజీవి రమ్యకు పెద్దమావయ్య ఆశీస్సులు.

పూణే ఉద్యోగం వదిలేసి కాశీనగర్ వచ్చేశావనీ, మీ నాన్న అరువా (పచ్చి బియ్యం) మిల్లు పక్కనే ఉసునా (ఉప్పుడు బియ్యం) మిల్లు పెడతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సగం ఏడుపు, సగం గొప్ప. నాదీ అదే వరస. మన ఇళ్లల్లో బాయిలర్ గురించి నాతో సమానంగా మాట్లాడే మనిషి తయారైందని నాలుగిళ్లకీ చెప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నువ్వు పంపిన ప్లాన్ మనవడి చేత ప్రింటు తీయించి చదివాను. సోలార్‌కి నాలుగు పేజీలు, మిల్లు గాల్లోకి వదిలే కర్బనం లెక్కకి మూడు. నీళ్లకి ఒకే ఒక్క వాక్యం: “బోరు ఉంది, సరిపోతుంది.” ఆ వాక్యం చూసే ఈ ఉత్తరం మొదలెట్టాను.

ఎల్‌ఈడీ దీపాలు, కెపాసిటర్లు, మంచి మోటార్లు నీకు తెలిసినవే, పెట్టించు. డ్రయ్యర్ బ్లోయర్లకి వీఎఫ్‌డీ, అదే మోటారు వేగం తగ్గించే పెంచే పరికరం, తప్పకుండా పెట్టు. వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. మన గ్రిడ్డు కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని నువ్వే రాశావు కదా, ఆ లెక్క నీ దగ్గరే నేర్చుకున్నాను.

ఇక అసలు సంగతి. మీ నాన్న అరువా మిల్లులో నీళ్లంటే టీకీ, చేతులు కడుక్కోడానికీ. ఉసునా అలా కాదు. టన్ను ధాన్యానికి టన్ను నీళ్లు తక్కువ కాకుండా కావాలి. వాటిని 70 డిగ్రీలకి వేడి చేసి మూడు నాలుగు గంటలు నానబెట్టాలి, వార్చాలి, ఆవిరి పట్టాలి, మళ్లీ 14 శాతం తేమకి ఆరబెట్టాలి. ప్రతి అడుగులోనూ నీళ్లున్నాయి, నీళ్లున్న ప్రతిచోటా మంట ఉంది. నువ్వు రెండిటినీ వేరే వేరే పేజీల్లో రాశావు.

కోరాపుట్ దగ్గరి జైపూరు వైపు నేను ఫైర్‌మ్యాన్‌గా, అంటే బాయిలర్ మంట చూసేవాడిగా, చేరిన మిల్లు గురించి మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు. పేరెందుకులే. షావుకారు కొత్త బాయిలర్ దింపాడు. కొబ్బరికాయలు కొట్టారు, ఊళ్లో పెద్దలంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. నానబెట్టే తొట్లు మాత్రం పాతవే. ఒక్కో తొట్టిలో 10 టన్నుల ధాన్యం, అంతే నీళ్లు. నానాక వాల్వు తిప్పితే పొగలు కక్కుతూ నీళ్లు కాలవలోకి పోయేవి. వెంటనే బోరు నీళ్లు, 28 డిగ్రీలవి, తొట్టిలో నింపేవాళ్లం. మళ్లీ మొదటినుంచీ కాచడం. ఎవరూ దాన్ని నష్టమనుకోలేదు. నీళ్లకి బిల్లు లేదు, ఊకకి ధర లేదు.

లెక్క వెయ్యి. 10 టన్నుల నీళ్లని 28 నుంచి 70కి తేవాలంటే 4,20,000 కిలోకేలరీలు. కిలో ఊకలో సుమారు 3000 ఉంటాయి, బాయిలర్ అందులో 65 శాతం పట్టుకుంటే గొప్ప. అంటే తొట్టికి 215 కిలోల ఊక. 10 టన్నుల ధాన్యం నుంచి ఊక వచ్చేదే 2000 కిలోలు. పదోవంతు ఆ ఒక్క పనికే ఖర్చయి, వేడంతా కాలవ పాలు.

ఆ ఎండాకాలం ఇటుక బట్టీలవాళ్లు ఊకకి మంచి ధర ఇస్తామంటే షావుకారు లారీలు లారీలు అమ్మేశాడు. మిగిలింది చాలుతుందనుకున్నాడు. ఆషాఢం దాటేసరికి మిగిలిన కుప్ప కింద సగం తడిసి ముద్దయింది. తడిసిన ఊక పొగే గానీ మంట ఇవ్వదు. అప్పుడు బొగ్గు తెప్పించాడు. నీ కర్బనం లెక్కలో ఊకకి సున్నా వేశావు. ఆ కర్బనం వరి పెరిగేటప్పుడు గాల్లోంచి తీసుకున్నదే, ఒప్పుకుంటాను. కానీ ఆ సున్నా ఊక చేతిలో ఉన్నన్నాళ్లే. మన బొగ్గు కిలో కాలిస్తే సుమారు కిలోన్నర కార్బన్ డయాక్సైడ్.

ఇంకా అయిపోలేదు. కాలవ వెళ్లి మిల్లు వెనక పల్లంలో గుంటలోకి పడేది. నానబెట్టిన నీళ్లలో పిండిపదార్థం ఉంటుంది, నిలవుంటే కుళ్లుతుంది. కొన్నాళ్లకి గుంట నల్లబడింది, బుడగలు లేచేవి. ఆ బుడగల్లో మీథేన్ ఉందనీ, నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుందనీ మాకెవరికి తెలుసు? మాకు తెలిసిందల్లా వాసన. తరవాత పక్క పాలెంలో బావి నీళ్లు చెడ్డాయి. ఆడవాళ్లు ఖాళీ బిందెలు తెచ్చి మిల్లు గేటు ముందు పెట్టి కూర్చున్నారు. మిల్లు మూయించారు. షావుకారు ట్యాంకర్లతో నీళ్లు పోయించాడు. మళ్లీ తెరిచాక ఈసారి అతి తెలివికి పోయి అవే నీళ్లని మళ్లీ మళ్లీ నానబెట్టడానికి వాడమన్నాడు. బియ్యం పసుపు తిరిగి కంపు కొట్టి, లారీలు వెనక్కొచ్చాయి.

చెయ్యాల్సింది కష్టమేం కాదు. వార్చిన వేడి నీళ్లని కాయిల్ మీదుగా పోనిచ్చి, లోపలికొచ్చే చల్లనీళ్లని దాంతో కొంత వేడెక్కించు. రెండు నీళ్లూ కలవకూడదు, వేడి మాత్రమే మారాలి. సగం తిరిగొచ్చినా చాలు. డ్రయ్యర్ రేడియేటర్లో ఆవిరి చల్లబడి దిగే నీళ్లు శుభ్రంగా ఉంటాయి, వాటిని బాయిలర్ ఫీడ్ ట్యాంకులోకి తిప్పు. ఫీడ్ నీళ్లు 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం 1 శాతం మిగులుతుంది. ధాన్యం అవసరానికి మించి నాననివ్వకు, లోపలికి పోయిన ప్రతి లీటరునీ తరవాత నువ్వే కాచి బయటికి తోలాలి. ఎండ ఉన్న రోజుల్లో కళ్లం మీద ఆరబెట్టు. మీ నాన్న పాతకాలం పద్ధతంటాడు, అననీ.

వార్చిన నీళ్లని శుద్ధి చెయ్యకుండా ఒక్క బొట్టు కూడా బయటికి వదలకు. మూత ఉన్న డైజెస్టర్, అదే గోబర్ గ్యాసు తొట్టిలాంటిది, పెట్టి గ్యాసు పట్టుకుంటే అదే ఇంధనం. డబ్బుల్లేవంటావు. సోలార్ రెండో ఏడాదికి వాయిదా వెయ్యి, ఇది వెయ్యొద్దు. పొల్యూషన్ బోర్డు కన్సెంట్ కోసం కాదు నేను చెప్పేది. నీ పక్కన పారేది వంశధార. దిగువన గొట్టా బ్యారేజీ, హిరమండలం, కళింగపట్నం దాకా మనవాళ్లే ఆ నీళ్ల మీద బతుకుతున్నారు. కాలవల గురించి ముసలాడికి పిచ్చి పట్టిందనుకో, ఫరవాలేదు. ఆ బిందెలు చూసినవాణ్ని.

బాయిలర్ సైజు గురించి అమ్మేవాడి మాట వినకు. “ముందు ముందు పెరుగుతారు కదా” అని పెద్దది అంటగడతాడు. సగం లోడు మీద నడిచే బాయిలర్ అనవసరపు గాలిని వేడిచేస్తూ కూచుంటుంది. బోరు మీద, తొట్ల దగ్గర, ఫీడ్ లైన్లో మీటర్లు బిగించు. షిఫ్టుకి ఎంత ఊక పోయిందో తూకం వేయించు. మూడు నెలల అంకెలు చేతికొచ్చాక పెద్దది కావాలో అక్కర్లేదో అవే చెబుతాయి. నీళ్ల గేజి గ్లాసు మాత్రం నువ్వే రోజూ చూడు. లెవెల్ కనబడకపోతే ముందు మంట ఆర్పించు, వేడెక్కిన ట్యూబుల మీదికి చల్లనీళ్లు తోలనివ్వకు. దీని గురించి ఇంకేం రాయను, చెయ్యి వణుకుతోంది.

ఊక షెడ్డు రేకులు గట్టిగా బిగించు. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మన జిల్లాలో కప్పులెలా లేచిపోయాయో నువ్వు పూణేలో టీవీలో చూశావు, మేం ఇక్కడ చూశాం. సోలార్ పలకలకీ అంతే. చిన్నప్పుడు ఊక కుప్ప ఎక్కి జారి, రాత్రంతా ఒళ్లు దురదని ఏడ్చేదానివి. మీ అమ్మ నన్ను తిట్టేది. ఇప్పుడా కుప్పకి నువ్వే యజమానివి, ఇంక ఎవర్ని తిడుతుందో చూడాలి.

బాయిలర్ కొటేషన్ మీద సంతకం పెట్టకు. ముందు వాట్సాప్‌లో నాకు పంపు. ఆదివారం గుణుపూరు బండికి వస్తాను, లెవెల్ ట్యూబు కూడా తెస్తాను. నీ స్థలంలో ఏ పక్క పల్లమో చూడాలి. వెనక గోడ దగ్గర తుప్పలు కొట్టించి ఉంచమని మీ నాన్నకి చెప్పు. మేస్త్రీకి అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇట్లు
మీ పెద్దమావయ్య