ఎన్నారై సందేహాలు: టెక్సస్‌లో తుఫాను వస్తే ఏం కొనాలి, ఏం మార్చుకోవాలి?

ప్రశ్న: ఈ మధ్యే హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చాం. మెట్లెక్కి వెళ్లే అపార్ట్‌మెంట్. నాలుగేళ్ల పాప ఉంది. వేసవిలో అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఇక్కడ టోర్నడోలు, మంచు తుఫాన్లు అని అందరూ చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. ఒకరు జనరేటర్ కొనమంటారు, ఇంకొకరు నెలకి సరిపడా సరుకులు నింపుకోమంటారు. అసలు ఏం కొనాలన్నయ్యా?

జవాబు: చెల్లెమ్మా, కొనాల్సినవి చివర్లో చెబుతాను, పెద్ద ఖర్చేమీ కాదు. కానీ చాలా ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటూ నేను చూసినదాన్నిబట్టి చెప్పాలంటే, ఇక్కడ ఇబ్బంది పడ్డవాళ్లలో ఎక్కువమందికి సరుకులు లేకపోవడం అసలు సమస్య కాదు. పరిస్థితి మారిపోయిందని తెలిసినా మొదట అనుకున్న ప్లానునే పట్టుకుని కూర్చోవడం వాళ్లని ఇబ్బంది పెట్టింది. ముందు ఆ సంగతి వినండి.

2021 ఫిబ్రవరి 15, సోమవారం. అర్ధరాత్రి ఒంటిగంట దాటాక టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు తీయడం మొదలుపెట్టారు. వంతులవారీగా తీస్తాం, కాసేపటికి ఇస్తాం అన్నారు. మనకి కోతలు కొత్తా? ఊళ్లో రెండు గంటలు పోయేది, వచ్చేది. అందుకే మనవాళ్లు చాలామంది దుప్పటి కప్పుకుని "ఇప్పుడొస్తుందిలే" అని పడుకున్నారు. రాలేదు. చలికి గ్యాస్ బావులు, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టి ఆగిపోయాయి. ఈ రాష్ట్రంలో చాలా భాగానికి కరెంటు గ్రిడ్డు విడిగా ఉంటుంది కాబట్టి పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగింది చాలా తక్కువ. ఆసుపత్రులున్న లైన్లు తీయకూడదు కాబట్టి, తీసిన లైన్లనే తీసి ఉంచారు. 45 లక్షల ఇళ్లకు పైగా చీకట్లోకి వెళ్లాయి. మర్నాడు డాలస్‌లో ఫారెన్‌హీట్ లెక్కన మైనస్ 2, అంటే మన లెక్కలో మైనస్ 19 దాకా పడిపోయింది. గ్రిడ్డు మొత్తం కుప్పకూలడానికి నాలుగున్నర నిమిషాల దూరం దాకా వెళ్లొచ్చిందని దాన్ని నడిపే సంస్థే తర్వాత చెప్పింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు.

ఆ సోమవారం పొద్దున్న నాకు తెలిసిన కుటుంబాలు రెండు రకాలుగా ఆలోచించాయి. కొందరు కరెంటు వస్తుందని ఎదురుచూశారు. మధ్యాహ్నానికి ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది, రోడ్లు ఇంకా గడ్డకట్టాయి, ఇక కదలాలన్నా కదల్లేకపోయారు. ఇంకొందరు తెల్లారేసరికి "ఇది మామూలు కోత కాదు" అని తేల్చేసుకుని, నడిచి వెళ్లగలిగే దూరంలో ఎవరింట్లో కరెంటు ఉందో వాట్సాప్ గ్రూపులో కనుక్కున్నారు. మాకు రెండు వీధుల అవతల ఫైర్ స్టేషన్ లైను మీద ఉన్న ఒక మిత్రుడి ఇంట్లో కరెంటు పోలేదు. సాయంత్రానికి ఆ ఇంట్లో అయిదు కుటుంబాలు చేరాయి. పిల్లలందరినీ ఒకే గదిలో పడుకోబెట్టారు.

అక్కడ ఒక పెద్దావిడ ఉండేది, ఆ మిత్రుడి అత్తగారు, తెనాలి వైపు వాళ్లు. అమెరికా రావడం అదే మొదటిసారి, మంచు చూడటం కూడా. కుళాయిల్లో నీళ్లు ఆగిపోగానే ఆవిడ ఎవరినీ అడగలేదు. పెరట్లోకి వెళ్లి పెద్ద స్టీలు గిన్నెలో మంచు నొక్కి నొక్కి నింపి, బాత్‌టబ్‌లో పోయించడం మొదలుపెట్టింది. "కరిగితే ఫ్లష్‌కి పనికొస్తుంది, తాగే నీళ్లు దానికి పొయ్యకండి" అంది. ఫ్రిజ్‌లో పట్టని పాలు, దోసెల పిండి డబ్బాలు వరండాలో పెట్టించింది. అక్కడే బయట క్యాంపింగ్ స్టవ్ మీద పెద్ద గిన్నెడు ఉప్మా చేసింది. ఆ మూడు పనులూ ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఉన్నదేంటి, దాంతో ఏం చెయ్యొచ్చు అని చూసే కన్ను ఉంది, అంతే. మనలో చాలామందికి అది ఇంటి నుంచి వచ్చిందే. నేను కోనసీమలో పెరిగాను. 1996 నవంబరు తుఫాను తర్వాత కరెంటు లేకుండా మా ఊళ్లో జనం ఎలా సర్దుకున్నారో నాకు బాగా గుర్తు. బకెట్లు, బిందెలు ముందే నింపి పెట్టుకోవడం, ఒకే పొయ్యి మీద రెండిళ్లకి వండటం, ముసలివాళ్లని ముందు గట్టి ఇంటికి చేర్చడం. ఇవన్నీ ఇక్కడ అక్షరాలా పనికొస్తాయి.

అయితే పనికిరానివి, ప్రాణం తీసేవి కూడా ఆ అలవాట్లలోనే ఉన్నాయి. ఈ పేరా మాత్రం అత్తయ్యగారికి, మామయ్యగారికి కూడా చదివి వినిపించండి. చలేస్తే కుంపటి పెట్టుకోవడం మన ఊళ్లలో మామూలే, పెంకుటిళ్లలో పొగ ఎటో అటు పోతుంది. ఇక్కడి ఇళ్లని గాలి చొరబడకుండా కడతారు. బార్బెక్యూ బొగ్గుల పొయ్యి లోపల పెట్టినా, గరాజులో కారు ఆన్ చేసి కూర్చున్నా, వెచ్చదనం కోసం గ్యాస్ స్టవ్ వెలిగించి వదిలేసినా కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు వస్తాయి, నిద్రలోనే ప్రాణం పోతుంది. గరాజు తలుపు పైకెత్తి ఉంచినా సరే, కారు అక్కడ నడపకూడదు. 2021లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒక్కదానిలోనే వందలమంది ఈ విషవాయువుతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లంతా పిల్లలకి చలెయ్యకూడదని తాపత్రయపడ్డ మామూలు మనుషులు. చలిలో వెచ్చగా ఉండాలంటే అందరూ ఒకే చిన్న గదిలోకి చేరండి, తలుపు కింద తువ్వాలు పెట్టండి, మంచం మీద దుప్పట్లతో డేరా కట్టి పాపని మధ్యలో పడుకోబెట్టండి. నిప్పు మాత్రం లోపలికి రాకూడదు.

రెండోది వరద నీళ్లు. మోకాలి లోతు నీళ్లలో స్కూలుకి నడిచి వెళ్లినవాళ్లం కదా, భయం ఉండదు. పారే నీళ్లు అడుగు లోతుంటే చాలు, చిన్న కారు తేలిపోతుంది. టెక్సస్‌లో వరదల్లో పోయే ప్రాణాల్లో చాలా భాగం కార్లలోనే పోతాయి. రోడ్డు మీద నీళ్లు కనబడితే వెనక్కి తిప్పండి, ఆఫీసు మీటింగు ఉన్నా సరే.

"ప్రమాదం అనగానే ఊరు వదిలి పారిపోవడమే తెలివా?" అని అడుగుతారేమో. ఎప్పుడూ కాదు. 2005లో కత్రీనా విధ్వంసం చూసిన భయంతో, నెల తిరక్కుండానే రీటా తుఫాను వస్తోందని హ్యూస్టన్ ప్రాంతం నుంచి పాతిక లక్షలమందికి పైగా ఒక్కసారి రోడ్డెక్కారు. ఎండలో గంటలకొద్దీ ట్రాఫిక్ జామ్, పెట్రోలు అయిపోయిన కార్లు, వృద్ధుల్ని తీసుకెళ్తున్న బస్సుకి నిప్పంటుకోవడం. గాలివాన కన్నా ఆ ప్రయాణంలోనే ఎక్కువమంది చనిపోయారు. ఆ అనుభవం ఉండబట్టే 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ మేయర్ ఊరంతా ఖాళీ చెయ్యమనలేదు. ఆ హార్వీలో మళ్లీ ఇంకో పాఠం. వాన తగ్గుముఖం పట్టాక కేటీ వైపు, పశ్చిమ హ్యూస్టన్‌లో చాలామంది "గండం గడిచింది" అనుకున్నారు. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండిపోయి వెనక ఉన్న కాలనీల్లోకి నీళ్లు ఎగదన్నాయి. కట్టలు తెగుతాయేమోనని ఆగస్టు 28న నీళ్లు వదిలితే కింద ఉన్న కాలనీలు మునిగాయి. అప్పటిదాకా పొడిగా ఉన్న ఇళ్లు అవి. నిన్నటి తుఫానుకి సరిపోయిన నిర్ణయం ఇవాళ్టి తుఫానుకి సరిపోకపోవచ్చు. పొద్దున సరిపోయింది సాయంత్రానికి చాలకపోవచ్చు. అందుకే మా ఇంట్లో గాలివాన సమయంలో ప్రతి మూడు నాలుగు గంటలకీ కూర్చుని కౌంటీ వాళ్లు ఏం చెబుతున్నారో చూసి, "ఇంకా ఇక్కడే ఉందామా?" అని ఒకసారి గట్టిగా ప్రశ్నించుకుంటాం. పిల్లలు కూడా ఆ మాటలో ఉంటారు.

ఇక మీ ఇంటి సంగతి. టోర్నడో మన సైక్లోన్ లాంటిది కాదు. దానికి రెండు రోజుల ముందు నుంచి హెచ్చరికలుండవు, పది పదిహేను నిమిషాలు దొరికితే గొప్ప. 2019 అక్టోబరు 20న ఉత్తర డాలస్ మీదికి వచ్చింది ఆదివారం రాత్రి, జనం టీవీ ముందున్న వేళ. వాచ్ (టోర్నడో రావచ్చు, సిద్ధంగా ఉండండి) అని వస్తే బూట్లు, ఫోన్, పాప జాకెట్ దగ్గర పెట్టుకోండి. వార్నింగ్ (టోర్నడో కనబడింది, లేదా రాడార్‌లో తెలిసింది) అని ఫోన్ మోగితే ఆలోచించకుండా కదలండి. కిటికీకి వెళ్లి చూడటం, వీడియో తీయడం వద్దు. మీరుండేది పై అంతస్తు కాబట్టి కింద ఇంటివాళ్లతో ఇప్పుడే పరిచయం చేసుకోండి. ఒక డబ్బా స్వీట్లు పట్టుకెళ్లి, "సైరన్ మోగితే మేం మీ ఇంటికి రావచ్చా?" అని నేరుగా అడగండి. కాదనేవాళ్లు అరుదు. వాళ్లింట్లో కిటికీల్లేని బాత్రూమో, బట్టల గదో ఎటుందో చూసి రండి. మామయ్యగారు మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో ఆయన వచ్చిన వారంలోనే ఒకసారి దిగించి చూడండి. కిందికి వెళ్లే టైము లేకపోతే, మీ ఇంట్లోనే మధ్యలో ఉన్న బాత్రూములో పరుపును పైన కప్పుకుని కూర్చోవడమే.

వేసవిలో పెద్దవాళ్లుంటే ఇంకో సంగతి. 2024 జులైలో బెరిల్ తుఫాను చిన్నదే, కేటగిరీ 1, అంటే హరికేన్లలో అన్నిటికన్నా తక్కువ స్థాయి. అయినా హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, చాలాచోట్ల రోజుల తరబడి రాలేదు. మంచు తుఫానులో ఒకే గదిలో ముడుచుకుని ఉండటం ప్రాణం కాపాడితే, ఆ ఎండలో అదే పని పెద్దవాళ్లకి ప్రమాదం. ఏసీ లేని ఇంట్లో వాళ్లని ఉంచొద్దు, లైబ్రరీకో, మాల్‌కో, కరెంటున్న ఊళ్లో ఫ్రెండ్స్ ఇంటికో తీసుకెళ్లండి. మొహమాటపడకండి, ఇలాంటప్పుడు ఎవరింటికి ఎవరెళ్లినా తప్పులేదు. బీపీ, షుగర్ మందులు ఎప్పుడూ రెండు వారాలకి సరిపడా అదనంగా తెప్పించుకోమనండి. ఇన్సులిన్ ఉంటే చల్లగా ఉంచే సంచి కొనండి. అత్యవసర నంబరు 911కి ఫోన్ ఎలా చెయ్యాలో వాళ్ల ఫోన్లోనే చూపించండి. ఇంగ్లీషు రాకపోయినా "తెలుగు" అని చెబితే చాలాచోట్ల దుబాసీని లైన్లోకి తెస్తారు. ఇంటి అడ్రసు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

కాగితాలు: పాస్‌పోర్టులు, ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే ఆమోద పత్రం), పాప జనన ధ్రువీకరణ, ఇవన్నీ ఒక జిప్ కవర్లో. ఫోటోలు తీసి క్లౌడ్‌లో ఒక కాపీ, ఇండియాలో నమ్మకమైన ఒకరికి ఇంకో కాపీ. ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ఆన్‌లైన్‌లో మళ్లీ తీసుకోవచ్చు. పాస్‌పోర్టు పోతే హ్యూస్టన్‌లో మన కాన్సులేట్ ఉంది. ఆ కాపీలు ఉంటే పని త్వరగా అవుతుంది. రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ల సామాన్లకి బీమా) లేకపోతే ఇవాళే తీసుకోండి. పైపు పగిలి నీళ్లు పడితే సాధారణంగా అది ఆదుకుంటుంది. బయటి వరద నీళ్లు మాత్రం అందులో ఉండవు, దానికి వేరే పాలసీ. ప్రభుత్వ వరద బీమా మామూలుగా కట్టిన 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, మబ్బులు కమ్మాక కడితే లాభం లేదు.

ఇప్పుడు మీరడిగిన జనరేటర్. అపార్ట్‌మెంట్‌లో వద్దు. దాన్ని ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట నడపాలి, బాల్కనీలో అస్సలు కుదరదు. ఆ డబ్బులో కొంత భాగంతో ఇవి కొనండి: బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం, రెండు మంచి టార్చిలైట్లు, ఒక పెద్ద పవర్ బ్యాంక్, బ్యాటరీ రేడియో. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున, మీరు అయిదుగురు అయ్యేటప్పటికి మూడు రోజులకి పదిహేను గ్యాలన్ల నీళ్లు. అటుకులు, మరమరాలు, పల్లీలు, పాలపొడి, అంటే పొయ్యి లేకుండా తినగలిగేవి. కారులో పెట్రోలు సగం కన్నా తగ్గకుండా చూసుకోండి. నెల సరుకులు అక్కర్లేదు. ఈ శనివారం మీ ఆయనా మీరూ వెళ్లి, పైపు పగిలితే నీళ్లు ఆపే మెయిన్ వాల్వు మీ యూనిట్‌కి ఎక్కడుందో లీజింగ్ ఆఫీసులో అడిగి, చేత్తో తిప్పి చూసి రండి.