ఈ 'మా' వాళ్ళంతా ఒకే ఇంటోళ్ళా?

ప్రశ్న: అలీబాబా కంపెనీ జాక్ మా, టెన్సెంట్ కంపెనీ పోనీ మా, సెల్లో వాయించే యోయో మా, వీళ్ళు ముగ్గురూ చుట్టాలా? పాత చరిత్రలో ఈ పేరుతో ఎవరైనా ఉన్నారా? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చుట్టాలేం కాదండీ. 'మా' అనేది ఇంటిపేరు, చైనావాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు, జాక్ మా అసలు పేరు మా యున్, ఇంగ్లిష్ పేరు తగిలించుకున్నాక అది కాస్తా వెనక్కి పోయింది. చైనాలో జనం కోట్లలో ఉన్నా ఇంటిపేర్లు మాత్రం తక్కువ, అందుకని ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం అనుకోవడానికి లేదు.

అసలీ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, క్రీ.పూ. 3వ శతాబ్దంలో జావ్ షె అనే సేనాపతి చిన్ రాజ్యం సైన్యాన్ని చిత్తుగా ఓడిస్తే రాజు 'మాఫు' ప్రభువు అని బిరుదిచ్చాడట, వారసులు దాన్ని కుదించి 'మా' చేసుకున్నారని చెప్తారు. ఆయన కొడుకు మాత్రం యుద్ధం గురించి కబుర్లలో దిట్ట, తీరా క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్ దగ్గర సైన్యం మొత్తాన్ని పోగొట్టి తనూ పోయాడు.

తర్వాత హాన్ రాజవంశం కాలంలో మా యువాన్ అని పెద్ద సేనాపతి, చక్రవర్తి ముందు బియ్యం కుప్పలు పోసి కొండలూ లోయలూ చేసి సైన్యం ఏ దారిన పోవాలో చూపించాడు. క్రీ.శ. 43లో వియత్నాంలో ట్రుంగ్ అక్కచెల్లెళ్ళ తిరుగుబాటుని అణిచిందీ ఈయనే, కాబట్టి చైనాలో హీరో, వియత్నాంలో విలన్.

ఇక్కడ ఇంకో పాయ ఉంది. చైనా ముస్లింలు చాలామంది ముహమ్మద్ పేరులో మొదట వినిపించే శబ్దానికి దగ్గరగా ఉందని ఈ ఇంటిపేరే పెట్టుకున్నారు, పదిమంది ముస్లింలుంటే తొమ్మిది మంది 'మా'లే అని అక్కడ సామెత కూడా ఉంది. వీళ్ళకీ ఆ జావ్ షె వంశానికీ ఏ సంబంధమూ లేదు. మహా నావికుడు జెంగ్ హె కూడా పుట్టుకతో 'మా'నే, 1371లో నైరుతి చైనాలోని యునాన్‌లో పుట్టాడు, తండ్రీ తాతా హాజీలు. మింగ్ రాజవంశం సైన్యం యునాన్ మీద పడ్డప్పుడు చిన్న పిల్లాడిగా పట్టుబడ్డాడు, నపుంసకుణ్ణి చేసి ఒక యువరాజు కొలువులో పెట్టారు, ఆ యువరాజు చక్రవర్తి అయ్యాక జెంగ్ అనే కొత్త ఇంటిపేరు ఇచ్చాడు. 1405 నుంచి 1433 దాకా ఏడుసార్లు ఓడలేసుకుని మన కాలికట్ మీదుగా ఆఫ్రికా తీరం వరకు వెళ్ళింది ఈయన దండే.

నాకైతే వీళ్ళందరికంటే మా హువాన్ ఇష్టం. ఆ ఓడల్లో దుబాసీ, ఈయనా ముస్లిమే. కాలికట్ బజారులో చూసింది చూసినట్టు రాసిపెట్టాడు, అక్కడి లెక్కగాళ్ళు చైనాలోలా పూసల చట్రం వాడకుండా చేతివేళ్ళూ కాలివేళ్ళూ కలిపి ఇరవైతోనే లెక్క తేల్చేస్తారట, పిసరంత తేడా రాదట! పట్టుబట్టలకి రేటు కుదిరాక చేతిలో చెయ్యి వేస్తే అంతే, తర్వాత ధర పెరిగినా తగ్గినా మాట తప్పేది లేదట.

ఈ కాలంలో అయితే మా యిన్‌చు అనే ఎకనామిస్ట్ ఉన్నాడు. జనాభా ఇలా పెరిగితే కష్టమని 1957లోనే చెప్పినందుకు తిట్లు తిని, 1960లో పెకింగ్ యూనివర్సిటీ ప్రెసిడెంట్ పదవి పోగొట్టుకుని, 1979లో మళ్ళీ పరువు దక్కించుకుని 1982లో పోయాడు. తైవాన్ మాజీ ప్రెసిడెంట్ మా యింగ్‌జియో సంగతి పేపర్లలో చదివే ఉంటారు.

ప్రశ్న: ఇంటిపేరు ఒకటైతే వాళ్ళలో పెళ్ళిళ్ళు చేసుకోరా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: పూర్వం చేసుకునేవాళ్ళు కాదు, చైనా ఆఖరి రాజవంశమైన చింగ్ దాకా చట్టమే ఒప్పుకునేది కాదు, మన సగోత్రం పట్టింపు లాంటిదే అనుకోండి. ఇప్పుడు దగ్గరి రక్తసంబంధం లేకపోతే చాలు. ఇంకోటి, పెళ్ళయినా ఆడపిల్ల ఇంటిపేరు మారదు, అందుకే మింగ్ మొదటి చక్రవర్తి జు యువాన్‌జాంగ్ భార్యని ఇప్పటికీ 'మా' మహారాణి అనే అంటారు, 'జు' మహారాణి అని ఎవరూ అనరు.