ఏడాది నిండని మనవడితో ఓడ ఎక్కవచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వోద్యోగం నుంచి విరమించి బరంపురంలో ఉంటున్నాను. వయసు 68. నా శ్రీమతికి మధుమేహం, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. వచ్చే అక్టోబరులో మా పెళ్లయి 40 ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా దసరా సెలవుల్లో పిల్లలందరితో కలిసి సముద్రంపై ఓడలో రెండు మూడు రోజులు తిరిగి రావాలని ఉంది. బెంగళూరు నుంచి అమ్మాయి, అల్లుడు, వాళ్ల పిల్లలు (7 ఏళ్లు, 3 ఏళ్లు) వస్తారు. భువనేశ్వర్‌లో ఉన్న అబ్బాయి, కోడలు, అప్పటికి ఐదో నెల నిండే పసివాడు వస్తారు. మొత్తం తొమ్మిది మందిమి. విశాఖపట్నంలో ఎక్కితే సులువని నా ఆలోచన. దీనికి ఎలా సిద్ధం కావాలి?

సమాధానం: మీ ఆలోచన బాగుంది కానీ, నెల బాగా లేదు. ముందు పసివాడి సంగతి చూద్దాం. ప్రయాణికుల ఓడలు నడిపే సంస్థల్లో చాలావరకు ఆరు నెలలు నిండని శిశువులను ఎక్కించుకోవు. రేవు తగలకుండా వరుసగా మూడు రోజులో, అంతకన్నా ఎక్కువో సముద్రంపైనే సాగే ప్రయాణాలకైతే ఏడాది నిండి ఉండాలంటాయి. వయసును టిక్కెట్టు కొన్న రోజుకు కాక ఓడ బయలుదేరే రోజుకు లెక్కిస్తారు. కాబట్టి అక్టోబరులో మీరు ఎంత బతిమాలినా మీ చిన్న మనవడికి చోటు దొరకదు. (ఇంట్లో ఎవరైనా గర్భవతి అయితే 24వ వారంలో అడుగుపెట్టాక సాధారణంగా ఎక్కనివ్వరన్నది ఇలాంటిదే మరో నియమం.)

ఇక అక్టోబరులో బంగాళాఖాతం ఎలా ఉంటుందో మీ గంజాం జిల్లా వారికి నేను చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ పక్క జిల్లా గజపతిని అతలాకుతలం చేసింది. తుపాను వస్తే ఓడ మునుగుతుందని నేను భయపెట్టడం లేదు. ఓడవాళ్లు ముందే దారి మార్చుకుంటారు, లేదా ప్రయాణం రద్దు చేస్తారు. ఆ హక్కు తమకు ఉందని టిక్కెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. అయితే మూడు ఊళ్ల నుంచి తొమ్మిది మంది సెలవులు కూడగట్టుకుని బయలుదేరాక ఆ కబురు వింటే ఇంటిల్లిపాదికీ కలిగే నిరుత్సాహం చిన్నది కాదు.

విశాఖ విషయానికి వస్తే, అక్కడ ప్రయాణికుల ఓడల కోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అంతకు ముందే, 2022 జూన్‌లో, కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చి వెళ్లింది. ఆ ఓడ సాధారణంగా చలికాలమంతా ముంబయి కేంద్రంగా నడుస్తుంది. పడమటి తీరంలో వానలు ముదిరే వేళకు చెన్నై వైపు వస్తుంది. అంటే మనకు దగ్గరగా ఓడ దొరికే నెలలు వేరు, సముద్రం నెమ్మదిగా ఉండే నెలలు వేరు. దగ్గరితనం కన్నా సముద్రం నెమ్మదినే ఎంచుకోమంటాను. ఫిబ్రవరి నాటికి పసివాడికి తొమ్మిదో నెల వస్తుంది, పెద్ద మనవడికి వార్షిక పరీక్షలు ఇంకా మొదలు కావు, అరేబియా సముద్రం కూడా ప్రశాంతంగా ఉంటుంది. పెళ్లిరోజు పూజ అక్టోబరులో ఇంట్లోనే చేసుకుని ఓడ ప్రయాణాన్ని ఫిబ్రవరికి జరపండి. బరంపురం మీదుగా కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ముంబయికి వెళుతుంది కానీ దానికి దాదాపు ఒకటిన్నర రోజు పడుతుంది. మీ శ్రీమతి మోకాళ్లను తలచుకుంటే భువనేశ్వర్ వరకు కారులో వెళ్లి విమానం ఎక్కడమే మేలు. ఏ దారిన వెళ్లినా ఓడ కదిలే ముందు రోజుకే ముంబయి చేరుకోండి. మీ రైలో విమానమో ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు.

ముంబయి నుంచి వెళ్లే ఓడల్లో కొన్ని గోవాకు, కొన్ని లక్షద్వీప్‌కు వెళతాయి. ఫొటోలు చూసి పిల్లలు లక్షద్వీప్ అంటారు. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు చేరలేదు. లోతు నీటిలో లంగరు వేస్తే, ప్రయాణికులు ఊగుతున్న చిన్న పడవలోకి దిగి ద్వీపానికి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికీ, సంకలో బిడ్డ ఉన్న తల్లికీ ఆ దిగడం ఎక్కడం కష్టం. గోవాలో మార్ముగావ్ రేవులో ఓడ గట్టునే ఆగుతుంది. అందుకే నా ఓటు గోవాకు.

గదులు మూడు తీసుకోండి. తొమ్మిది మందికి మూడు గదులు ఒకే అంతస్తులో, పక్కపక్కన దొరకాలంటే నెలల ముందే చెప్పుకోవాలి. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువగా తెలుస్తుంది కాబట్టి గదులను అటువైపే అడగండి. నలుగురు పడుకునే గదిలో మూడో, నాలుగో పడకలు సాధారణంగా గోడకు వేలాడే పై బెర్తులే. వాటిపై మూడేళ్ల పిల్లను పడుకోబెట్టకండి, ఏడేళ్ల వాడినైతే పడుకోబెట్టవచ్చు. పసివాడికి ఊయల మంచం కావాలని టిక్కెట్టు కొనేటప్పుడే రాయించండి. బాల్కనీ గది ఒక్కటైనా తీసుకోవాలని, అది మీ దంపతులకే ఉండాలని నా గట్టి సలహా. పసివాడు నిద్రపోయినప్పుడు పెద్దవాళ్లు దీపం ఆర్పేసిన గదిలో మౌనంగా కూర్చోనక్కరలేకుండా ఆ బాల్కనీ కాపాడుతుంది. అయితే పిల్లలు ఆ గదిలో ఉన్నంతసేపూ బాల్కనీ తలుపు గడియ వేసి ఉండాలి, కుర్చీలు కటకటాలకు దూరంగా ఉండాలి.

ఇక్కడ అడగని మాట ఒకటి చెబుతాను. పిల్లలు ఆడుకునే గదుల్లో చాలా ఓడలు మూడేళ్లు నిండి, డైపరు మానేసిన వారినే చేర్చుకుంటాయి. డైపరులో ఉన్న పిల్లలను ఈత కొలనులోకీ రానివ్వవు. అంటే పసివాడు రోజంతా ఎవరో ఒకరి చేతుల్లోనే ఉంటాడు. ఆ చేతులు నానమ్మవే అవుతాయని అందరూ మనసులో అనుకుంటారు, పైకి మాత్రం ఎవరూ అనరు. పెళ్లిరోజు చేసుకోవలసిన మనిషి ఆయాగా తిరిగి రాకుండా, ఏ పూట ఎవరు చూసుకోవాలో బయలుదేరే ముందే మాట్లాడుకోండి. ఒక సాయంత్రం మాత్రం పిల్లలను మీరిద్దరూ ఉంచుకుని, అమ్మాయి, అల్లుడు, అబ్బాయి, కోడలు నలుగురినీ భోజనానికి పంపండి.

మందుల విషయంలో తొందరపడవద్దు. కడుపులో తిప్పడానికి మన దుకాణాల్లో అడగ్గానే ఇచ్చే ప్రోమెథజీన్ మాత్రలు రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. వయసు మళ్లిన వారిలో అవి మత్తునూ, మతిభ్రమనూ కలిగించవచ్చు, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవారికి మూత్రం బిగబట్టవచ్చు. మీ శ్రీమతి మధుమేహపు మాత్ర వేసుకున్నాక వాంతి చేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, అలాంటప్పుడు ఏం చేయాలో మీ వైద్యుడిని అడిగి కాగితంపై రాయించుకోండి. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరడానికి గంటలు పడుతుంది. అందువల్ల మందులు, పాలపొడి, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. ఓడలో వైద్యుడు ఉంటాడు, ఫీజు మాత్రం విడిగా కట్టాలి. పాత జబ్బులకు, రోగిని ఒడ్డుకు తరలించే ఖర్చుకు కూడా వర్తించే ప్రయాణ బీమా చేయించండి. ఓడల్లో ఒకరి నుంచి ఒకరికి పాకే వాంతులు, విరేచనాల వైరస్‌పై శానిటైజర్ అంతగా పనిచేయదు. భోజనానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

ఓడ కదలబోయే ముందు ప్రయాణికులందరికీ ఆపద వేళ ఎక్కడ చేరాలో చూపిస్తారు. దాన్ని తప్పించుకోకండి. పసివాడి కొలతకు తగిన లైఫ్ జాకెట్ ఎక్కడుందో ఆ వేళనే అడగండి.

పిల్లల ఓపిక ఎంతో తెలుసుకోవడానికి ముందుగా ఒక ఆదివారం రంభలోనో బార్కూల్‌లోనో చిలికా సరస్సులో పడవ ఎక్కించండి. కార్తీక పున్నమికి అరటి దొప్పల పడవలు వదలడం చూసిన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి ‘రంగం’ (బర్మాలోని రంగూన్) పోయిన ముత్తాతలు మీ ఇంట్లోనూ ఉంటే ఆ కథ ఆ పడవలోనే చెప్పండి.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమెరికాలో ఉన్న మా అమ్మాయి, అల్లుడు సెలవు దొరకక రాలేరు. ఇక్కడే మా దగ్గర చదువుకుంటున్న 9, 11 ఏళ్ల మనవరాళ్లను తీసుకుని సింగపూర్‌లో ఓడ ఎక్కాలనుకుంటున్నాము. కాగితాలు ఏమేమి కావాలి?

సమాధానం: పిల్లల పాస్‌పోర్టుల గడువు ఐదేళ్లే కాబట్టి మొదట అవి తీసి చూడండి. ప్రయాణ తేదీ నాటికి ఇంకా ఆరు నెలలకు మించి గడువు మిగిలి ఉండాలి. పిల్లలను మీ వెంట పంపడానికి తల్లి, తండ్రి ఇద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన అనుమతి పత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ అమ్మాయి మీ కుమార్తేనని తెలిపే పత్రం వెంట ఉంచుకోండి. ఓడ సింగపూర్ నుంచి బయలుదేరి మళ్లీ అక్కడికే వస్తుంది, అంటే మీరు ఆ దేశంలో రెండుసార్లు అడుగుపెడతారు. అందుకు తగిన వీసా ఉందో లేదో చూసుకోండి. సింగపూర్ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆగమన వివరాలు ఆన్‌లైన్‌లో నింపాలి.

మన ప్రాంతపు తెలుగువారికి ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. తెలుగు అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు వస్తే, ఒడిశాలో రాసిన కాగితాల్లో అదే చివరకు చేరుతుంది. ఒక్కోచోట అక్షరాలూ మారతాయి. టిక్కెట్టు మీది పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో, అవే అక్షరాలతో ఉండాలి.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను. మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి తినరు. చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ, పిల్లవాడి ఉగ్గుపిండి ఓడలోకి తీసుకువెళ్లవచ్చునా?

సమాధానం: కుక్కరు, విద్యుత్ కెటిల్, ఇస్త్రీ పెట్టె వేటినీ రానివ్వరు, అగ్గి భయమే కారణం. అదే కారణంగా గదిలో దీపం, అగరవత్తులు కూడా కుదరవు. అత్తగారికి బ్యాటరీ దీపం కొనివ్వండి. మన దేశపు ఓడల్లో ఉల్లి, వెల్లుల్లి లేని జైన భోజనం దొరుకుతుంది, ముందుగా రాయించాలి. వంటిల్లు మాత్రం మాంసాహారంతో ఉమ్మడిగా ఉండవచ్చని ఆమెకు ఇప్పుడే చెప్పండి, ఓడలో తెలిస్తే ఆమె మూడు రోజులూ పళ్లతోనే గడుపుతారు. ఇంట్లో దంచిన ఉగ్గుపిండినీ, ఇంటి ఆవకాయ సీసానూ తనిఖీలో ఆపవచ్చు. సీలు వేసి అమ్మే శిశు ఆహారానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, వేడినీళ్లు అడిగితే సిబ్బందే తెచ్చిస్తారు.