మార్మోసెట్ల సంసారంలో తండ్రిని వేరు చేయవచ్చునా?

ప్రశ్న: మా ఇంట్లోని ఆడ మార్మోసెట్ ఈనిన ఐదున్నర నెలలకే మళ్లీ ఈనింది. ఈసారి పుట్టిన మూడు పిల్లల్లో ఒకటి దక్కలేదు. తల్లికి విశ్రాంతి కోసం మగదానినీ, ఏడాదిన్నర వయసున్న పెద్ద ఆడపిల్లనూ వేరే పంజరంలోకి మార్చవచ్చునా? ఆ పెద్దది ఇంతవరకూ చూలు కట్టకపోవడం లోపమా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: మార్చకండి, అందువల్ల తల్లికి భారం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఈశాన్య బ్రెజిల్‌కు చెందిన ఈ చిన్న కోతులలో పిల్లల మోత చాలావరకు తండ్రిదీ, ముందు ఈతల పిల్లలదీ. పుట్టిన ఒక్కో పిల్ల సుమారు 30 గ్రాములు ఉంటుంది కనుక, 300 నుంచి 400 గ్రాముల బరువుండే తల్లి కవల పిల్లలకు పాలిస్తూ, రోజంతా వాటిని వీపున మోస్తూ నిలదొక్కుకోవడం కష్టం. పైగా తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ మోసిన అనుభవం లేకుండా పెరిగినవి, తరువాత తమ పిల్లలను సరిగా సాకలేకపోవడం తరచుగా కనిపిస్తుంది.

పాలిస్తున్న ఆవు మళ్లీ ఎదకు రావడానికి సమయం పడుతుందని మనకు అలవాటు; మార్మోసెట్‌లో పాలివ్వడం అండం విడుదలను ఆపదు. ఈనిన పది నుంచి ఇరవై రోజులలోనే అండం విడుదలై, మగది తోడుంటే చూలు నిలుస్తుంది. గర్భకాలం సుమారు 143 రోజులు కాబట్టి మీరు చూసిన ఎడం సహజమే. అడవిలో సాధారణంగా కవలలే పుడతారు. పంజరంలో మేత పుష్కలంగా దొరకడం వల్ల మూడేసి పుట్టడం ఎక్కువ, కానీ తల్లికి ఉన్నవి రెండే చన్నులు. మూడవది దక్కకపోవడం మీ నిర్లక్ష్యం కాదు.

ఈతలను తగ్గించాలంటే కుటుంబాన్ని చీల్చకుండా ఆ పని చేయాలి. మగదానికి వేసెక్టమీ చేయించి గుంపులోనే ఉంచడం నాకు అన్నిటికన్నా మేలుగా తోస్తుంది. ఆడదానికి చర్మం కింద అమర్చే హార్మోన్ ఇంప్లాంట్లు, చూలును తొలిదశలోనే ఆపే ప్రోస్టాగ్లాండిన్ సూదిమందు కూడా ఉన్నాయి గానీ, వాటి మోతాదును వన్యప్రాణుల అనుభవమున్న పశువైద్యుడే నిర్ణయించాలి. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో విచారించి చూడండి. ఈలోగా తల్లి ఎముకలు అరగకుండా కాల్షియంతో పాటు విటమిన్ డి3 అందాలి. ఒంట్లో డి3 తయారు కావడానికి కిటికీ గాజు గుండా వచ్చే ఎండ పనికిరాదు.

పెద్ద ఆడపిల్లలో లోపమేమీ లేదు. తల్లి ఎదుట ఉన్నంతకాలం చాలా కూతుళ్లలో అండం విడుదల అణగి ఉంటుంది. విడుదలైనా అవి సాధారణంగా తండ్రితో జతకట్టవు. అయితే దాని కోసమని బయటి మగదానిని అదే పంజరంలోకి తేవద్దు, ఎందుకంటే ఒకే గుంపులో రెండు ఆడవి ఈనితే ఒకటి మరొకదాని పిల్లలను చంపే ప్రమాదం ఉంది.

మరొక విషయం: 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇటువంటి విదేశీ జంతువులను నమోదు చేయించాలి, వాటి జననాలను కూడా తెలియజేయాలి. 2024 నాటి నియమాల ప్రకారం ఇందుకు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి.