బీఎస్సీ నర్సింగ్‌లో చేరే ముందు ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి తెలుగు మాధ్యమంలో ఇంటర్ బైపీసీ పూర్తిచేసి, విశాఖపట్నంలోనే బీఎస్సీ నర్సింగ్‌లో చేరబోతోంది. తరగతులు మొదలు కావడానికి ఇంకా కొన్ని వారాల సమయం ఉంది. అనాటమీ, ఫిజియాలజీ పుస్తకాల లావు చూసి ఇప్పటినుంచే భయపడుతోంది. ఈలోగా ఏం చదివించమంటారు? కోచింగ్ ఏదైనా అవసరమా? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: కోచింగ్ అవసరం లేదు. మీ అమ్మాయి దగ్గరున్న ఇంటర్ జువాలజీ, కెమిస్ట్రీ పుస్తకాలు ఈ కొద్ది వారాలకు సరిపోతాయి. మారవలసింది వాటిని చదివే పద్ధతి. ప్రవేశ పరీక్షల కోసం రెండేళ్లపాటు బిట్లుగా చదివిన విద్యార్థులకు ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సూక్ష్మ భాగాలైన నెఫ్రాన్లు సుమారు 10 లక్షలు ఉంటాయన్న సంగతి నోటికి వస్తుంది కానీ, రక్తపోటు పడిపోయిన రోగికి మూత్రం ఎందుకు తగ్గిపోతుందని అడిగితే జవాబు తోచదు. వార్డులో రేపు ఆమెకు ఎదురయ్యేది ఆ రెండో ప్రశ్నే కాబట్టి, చదివిన ప్రతి విషయానికీ 'ఇది ఎందుకు ఇలా జరుగుతుంది, ఇది తప్పితే రోగిలో ఏం కనిపిస్తుంది' అని ప్రశ్న వేసుకోవడం ఇప్పటినుంచే అలవాటు కావాలి.

ఆ మూత్రపిండాన్నే ఉదాహరణగా తీసుకుందాం. నెఫ్రాన్ మొదట్లో ఉండే సన్నని రక్తనాళాల గుచ్ఛంలో రక్తం తన పీడనంతోనే వడపోతకు లోనవుతుంది. అలా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడకట్టబడి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పీల్చుకోబడి, చివరకు ఒకటిన్నర లీటర్ల మేర మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది. రక్తస్రావం వల్లనో, విపరీతమైన విరేచనాల వల్లనో పీడనం తగ్గితే వడపోత మందగిస్తుంది. ఉన్న నీటిని నిలుపుకోమని హార్మోన్లు కూడా మూత్రపిండాన్ని ఆదేశిస్తాయి. అందుకే తీవ్రమైన స్థితిలో ఉన్న రోగికి నర్సు గంటగంటకూ మూత్రం కొలిచి రాస్తుంది. 60 కిలోల బరువున్న వ్యక్తికి గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గుతోందంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ వరుసను అర్థం చేసుకున్న విద్యార్థినికి ఆ అంకె మళ్లీ బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

శరీరం తన లోపలి పరిస్థితులను ఒక ఇరుకైన పరిధిలో నిలబెట్టుకునే ఈ స్వభావాన్నే హోమియోస్టాసిస్ అంటారు. నా దృష్టిలో ఆరోగ్య శాస్త్రాలన్నిటికీ ఇదే మొదటి పాఠం. రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలన్నా, శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండాలన్నా వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. విశాఖ వేసవి దీనికి మంచి నిదర్శనం. మనల్ని చల్లబరిచేది చెమట ఆవిరి కావడమే తప్ప చెమట కారడం కాదు. సముద్రపు తేమ వల్ల ఇక్కడ చెమట త్వరగా ఆరదు కనుక, ఎండ మరీ తీవ్రంగా లేని రోజున కూడా ఆరుబయట పనిచేసే కూలీ వడదెబ్బకు గురికావచ్చు. అలాంటి రోగి ఒంటిని తడిపి ఫ్యాను గాలి తగిలేలా చేయడం ఎందుకో దీన్నిబట్టే తెలుస్తుంది.

ద్రవాలు, లవణాల సమతుల్యతకు మరికొంత సమయం ఇవ్వమనండి. సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఎందుకుంటుంది, దాని బదులు ఉత్త నీటిని నరంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఎందుకు ఉబ్బి పగిలిపోతాయి అన్నది ఇంటర్‌లో చదివిన ఆస్మాసిస్ (పలుచని పొర గుండా లవణాలు ఎక్కువున్న వైపుకు నీరు చేరడం) పాఠమే. ఓఆర్‌ఎస్‌లో ఉప్పుతోపాటు గ్లూకోజ్ ఉండటానికి కారణం, పేగు గోడలో ఆ రెండూ జతగా లోపలికి వెళ్లి తమ వెంట నీటిని తీసుకువెళ్లడం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ సూత్రాన్నే నమ్ముకుని నోటిద్వారా ద్రావణం ఇప్పించి ఎందరో ప్రాణాలు నిలబెట్టారు.

జన్యుశాస్త్రం నర్సుకెందుకు అని మీ అమ్మాయి అనుకోవచ్చు. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి వచ్చేవారిలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న రోగులు కూడా ఉంటారు. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట వేలిన్ చేరడమే ఆ వ్యాధికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హీమోగ్లోబిన్ గట్టిపడి, కణం కొడవలి ఆకారానికి మారి, సన్నని నాళాల్లో అడ్డుపడుతుంది. కీళ్ల నొప్పులతో విలవిల్లాడే పిల్లవాడికి నీళ్లు బాగా తాగించాలనీ, చలి తగలనివ్వకూడదనీ నర్సు ఎందుకు జాగ్రత్తపడుతుందో ఆ ఒక్క మార్పు తెలిస్తే అర్థమవుతుంది.

లెక్కలను మాత్రం అశ్రద్ధ చేయనివ్వకండి. బైపీసీ విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలు ఇస్తుంది అంటే, మొత్తం 10,000 చుక్కలను 240 నిమిషాలకు పంచితే నిమిషానికి సుమారు 42 చుక్కలు అవుతాయి. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ వెయ్యి రెట్ల తేడా ఉంది. అక్కడ పొరపాటు జరిగితే రోగి ప్రాణానికే ముప్పు. రోజుకు నాలుగైదు లెక్కలు చేతితో చేయించండి.

తెలుగు మాధ్యమం గురించి దిగులు వద్దు. పాఠ్యపుస్తకాలు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి ఒక నోటుపుస్తకంలో ఇంగ్లిషు పదాన్ని, దాని అర్థాన్ని, రోగులు ఆ బాధను చెప్పుకునే మాటను పక్కపక్కన రాసుకోమనండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ 'ఆయాసంగా ఉందమ్మా, గుండె దడదడలాడుతోంది' అంటే దాన్ని కేసు షీటులో సరైన పదంతో రాయగలగడం, డాక్టరు చెప్పినది తిరిగి ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలగడం చాలా విలువైన నైపుణ్యం.

కోచింగ్‌కు పెట్టాలనుకున్న డబ్బులో కొంతతో ఇంట్లోకి ఒక థర్మామీటరు, ఒక బీపీ మిషను కొనండి. ఇంట్లోవాళ్ల నాడిని, శ్వాసను నిండా ఒక నిమిషంపాటు లెక్కపెట్టి, మెట్లెక్కి వచ్చాక మళ్లీ లెక్కపెట్టి, తేడా ఎందుకు వచ్చిందో ఆమెనే రాయనివ్వండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో కూడా చూడండి. ఇప్పుడు మొదలుపెడితే రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు వేస్తారు కాబట్టి, వార్డు డ్యూటీలు మొదలై సూదులు ముట్టుకునే రోజు రాకముందే, ఈ వారంలోనే మొదటి డోసు వేయించడం మంచిది.