ఎల్‌స్ట్రిప్ వివరణను బాగుచేయాలంటే?

ప్రశ్న: పైథాన్‌లో పేర్ల ముందున్న "శ్రీ" తీసేయడానికి ఎల్‌స్ట్రిప్ (lstrip, మొదట్లో ఉన్న అక్షరాలు తీసేసే ఆదేశం) వాడితే "శ్రీ శ్రీనివాస్" కాస్తా "నివాస్" అయిపోయింది. హెల్ప్‌లో ఉన్న రెండు ముక్కలు చదివితే కారణం తెలియలేదు. ఆ వివరణను మేమే బాగుచేసి పంపొచ్చా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: నిక్షేపంగా పంపొచ్చు. ముందు తప్పెక్కడో చూద్దాం. ఎల్‌స్ట్రిప్‌కి మీరిచ్చింది ఒక మాట అనుకున్నారు; అది మాత్రం దాన్ని విడి అక్షరాల గుంపుగా తీసుకుంటుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఖాళీ: వీటిలో ఏది ఎదురైనా తీసేస్తూ పోయి "న" దగ్గర ఆగింది. మీకు కావాల్సింది పైథాన్ 3.9లో (2020) వచ్చిన రిమూవ్‌ప్రిఫిక్స్ (removeprefix); అది ఇచ్చిన మాటను మొత్తంగానే, మొదట్లో ఉంటేనే తీసేస్తుంది.

ఇక మార్పు సంగతి. వివరణ రెండు చోట్ల ఉంటుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వెబ్‌లో కనిపించేది పైథాన్ సోర్స్ కోడ్‌లోని డాక్ (Doc) ఫోల్డర్‌లో ఉన్న ఆర్‌ఎస్‌టీ ఫైలు (గుర్తులతో రాసే టెక్స్ట్ ఫైలు). మనం ఇచ్చే అక్షరాల గురించి అందులో "ఇది ప్రిఫిక్స్ (ముందుండే మాట) కాదు" అని ఇప్పటికే ఉంది. హెల్ప్‌లో వచ్చే డాక్‌స్ట్రింగ్ (కోడ్ పక్కనే రాసే చిన్న వివరణ) పైథాన్‌ను రాసిన సీ భాష కోడ్‌లో ఉంటుంది. అది మారిస్తే "మేక్ క్లినిక్" (make clinic) ఆదేశం కూడా నడపాలి, లేకపోతే దాన్నుంచి తనంతట తానే తయారయ్యే జనరేటెడ్ ఫైలు పాతదే మిగిలిపోతుంది. వెబ్ పేజీ మారిస్తే డాక్ ఫోల్డర్‌లో "మేక్ హెచ్‌టీఎంఎల్" (make html) ఆదేశం కొట్టి, పేజీని కళ్లారా చూశాకే పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పెట్టండి. మొదటిసారైతే సీఎల్‌ఏ (మార్పులు పంపేవారు ఒప్పుకునే ఒప్పందపత్రం) సంతకం తప్పదు.

పేరా రాయకండి. ఒక వాక్యం, ఇన్‌పుట్-అవుట్‌పుట్ కనిపించే ఒక ఉదాహరణ చాలు. పొడుగైతే రివ్యూలోనే నలుగుతుంది.